జగ్గారావు ఖలాస్ అంటే

బహ్రెయిన్‌లోని మనామాలో మేం పనిచేసిన హోటల్ పెద్దదేం కాదు. కింద భోజనాల హాలు, దాని పక్కనే బారు, పైన గదులు. బారు తలుపు తోసుకుని లోపలికెళ్తే ఎదురుగా పొడవాటి టేకు కౌంటరు, కౌంటరు వెనక జగ్గారావు. తెల్ల చొక్కా, నడుముకు నల్ల ఏప్రాన్, భుజం మీద ఎప్పుడూ ఉతికిన గుడ్డ. నేను ఆ హోటల్లో ఏసీలు, కుళాయిలు, ఐసు మిషను బాగుచేసేవాణ్ణి. ఐసు మిషను బారులోనే ఉండేది కాబట్టి ఆయన పని దగ్గరగా చూశాను. నేను లేనప్పుడు జరిగింది మాత్రం భీమన్న నోట విన్నది.

జగ్గారావుది పాలకొల్లు దగ్గర ఊరు. బహ్రెయిన్‌కి గిన్నెలు తోమే పనికి వచ్చాడు. అప్పట్లో ఆ కౌంటరు వెనక గోవా ముసలాయన ఒకడుండేవాడు. మోకాళ్ళ నొప్పులతో వంగలేక, కింది అరలో సీసాలు అందించడానికి జగ్గారావును పిలిచేవాడు. జగ్గారావుకు ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు. సీసా మీది పేరు చూసి తడి వేలితో కౌంటరు మీద అదే ఆకారం గీసేవాడు, తుడిచేవాడు, మళ్ళీ గీసేవాడు. అలా సీసాల మీదే చదువు నేర్చుకున్నాడు. ముసలాయన గోవా వెళ్ళిపోతూ యజమానితో, “ఈ కౌంటరుకి మనిషిని వెతక్కండి, మీ గిన్నెల దగ్గరే ఉన్నాడు” అన్నాడట.

ఆయన తాగడు. కొత్త సరుకు వస్తే ఒక చుక్క నాలిక మీద వేసుకుని, రుచి గుర్తుపెట్టుకుని, సింకులో ఉమ్మేసేవాడు. అదేంటని అడిగితే, “వంటోడు ఉప్పు చూడకుండా వడ్డిస్తాడేంటండీ?” అనేవాడు. కొలత గ్లాసులో పోస్తే అంచుకు సరిగ్గా వచ్చి ఆగేది, చుక్క కిందపడేది కాదు. గ్లాసులు తుడిచాక ఒక్కొక్కటీ కిటికీ వెలుగుకు ఎత్తి చూసేవాడు. మసక కనిపిస్తే మళ్ళీ భీమన్న దగ్గరికే పంపేవాడు. భీమన్న జగిత్యాల వైపు నుంచి వచ్చి గిన్నెలు తోమేవాడు. సణిగేవాడు గానీ మళ్ళీ తోమేవాడు.

ఇదంతా మంచి పనివాడు ఎవడైనా చేసేదే. జగ్గారావు దగ్గర నేను గౌరవించింది వేరే. పోయడం నేర్చుకున్నవాళ్ళు చాలామంది ఉంటారు. ఎప్పుడు ఆపాలో ఆయనకు తెలుసు.

కౌంటరు దగ్గర కూర్చున్న ప్రతి మనిషి ముందూ ఒక పల్లీల గిన్నె పెట్టేవాడు. మర్యాద కోసం పెట్టాడనుకునేవాళ్ళు. ఆయన చూసేది వేళ్ళను. “కొందరు ఎంత తాగినా మాట తడబడనివ్వరండి. దర్జాగా మాట్లాడతారు. నాలికని అదుపులో పెట్టుకుంటారు గానీ వేళ్ళు ఎక్కడ ఆగుతాయి?” అనేవాడు. చెయ్యి గిన్నెలోకి వెళ్ళి పల్లీ ఒక్కసారిగా పట్టుకురాలేక అంచుల మీద వెతుక్కుంటోందంటే ఆ మనిషికి ఆ రోజుకు సరి.

అప్పుడు జగ్గారావు ఉపన్యాసం ఇచ్చేవాడు కాదు. ముందున్న గ్లాసు తీసి, మిగిలింది సింకులో పారబోసి, కౌంటరు మీద తడిగుడ్డ పరిచి దాని మీద గ్లాసు బోర్లించేవాడు. పక్కన ఉప్పు వేసిన నిమ్మకాయ సోడా పెట్టేవాడు, అంచుకు నిమ్మ చెక్క గుచ్చి. అరచెయ్యి కౌంటరు మీద ఆనించి ఒక్క మాట అనేవాడు: “ఖలాస్.”

ఆ దేశంలో ఆ మాట అనని నోరు లేదు. పని అయిపోతే ఖలాస్, గ్యాసు అయిపోతే ఖలాస్, వీసా అయిపోతే ఖలాస్. జగ్గారావు నోట వస్తే మాత్రం దానికి ఒకటే అర్థం. ఇక పోయను. ఆయన బోర్లించిన గ్లాసు బారులో ఇంకెవరూ నింపకూడదు. భీమన్న వచ్చి దాన్ని తీసుకెళ్ళి తోముతాడు.

రోజూ వచ్చేవాళ్ళు ఆయన్ని హెడ్మాస్టరు అని ఏడిపించేవారు. ఒకాయన, “ఏవయ్యా, నా పెళ్ళాం కూడా ఇంత తొందరగా ఖలాస్ అనదు” అన్నాడు.

“ఆవిడ మీకోసం ఇంట్లో చూస్తారండి. నేను రోడ్డు పక్కన కూర్చున్నాను కదండీ,” అన్నాడు జగ్గారావు గ్లాసు బోర్లిస్తూనే.

పనివాళ్ళం ఉండే క్యాంపులో భీమన్న ఏడిపింపు ఇంకో రకం. తొంభై ఆరు అది. అప్పటికి మన రాష్ట్రంలో మందు బంద్. “మీ దిక్కు ఆడోళ్ళు సారా ప్యాకెట్లు కాళ్ళతోని తొక్కి బంద్ చేపిచ్చిన్రు. నువ్వేమో దుబాయికొచ్చి ఇంగిలీషు సారా పోయవడ్తివి. ఇంటికి పోతే నిన్నే తొక్కుతరు జగ్గన్నా.” వాడికి గల్ఫ్ అంతా దుబాయే.

“తొక్కనీరా. తొక్కేముందు నా గ్లాసులు ఒకసారి చూసి తొక్కమను.”

ఆ ఏడాదే ఎండలు ముదిరిన ఒక శుక్రవారం మధ్యాహ్నం సోమరాజు గారు వచ్చారు. ఆయనది భీమవరం వైపు. ఇళ్ళు కట్టే కంపెనీలో పెద్ద హోదా. వాళ్ళ కంపెనీ విందులన్నీ మా హోటల్లోనే జరిగేవి. అందుకని ఆయన వస్తే మేనేజరు కృష్ణప్రసాద్ తలుపు దాకా ఎదురెళ్ళేవాడు. సోమరాజు గారికి మాత్రం కౌంటరు దగ్గరే కూర్చోవాలి. “మా జిల్లావాడు పోస్తే ఆ రుచే వేరు” అనేవారు.

ఆ రోజు మనిషి ఎక్కడో మొదలుపెట్టే వచ్చారు. మాట శుభ్రంగానే ఉంది. గలాలీలో కడుతున్న విల్లాల గురించి, మేస్త్రీల గురించి చెబుతూ నవ్వుతున్నారు. చెయ్యి పల్లీల గిన్నెలోకి వెళ్ళింది. ఒట్టి చెయ్యే బయటికి వచ్చింది. ఆయనకి అది తెలియలేదు, ఒట్టి వేళ్ళే నోట్లో పెట్టుకున్నారు. జగ్గారావు గ్లాసు లాగి, పారబోసి, బోర్లించాడు. సోడా పెట్టాడు.

“ఖలాసండి.”

సోమరాజు గారు ముందు నవ్వారు. తర్వాత ఆ నవ్వు పోయింది. “ఒరే, మనవాడివని కౌంటరు దగ్గర కూర్చుంటే నా గ్లాసే బోర్లిస్తావా? నేనెవరో తెలుసా నీకు?”

“తెలుసండి. మీరు బండి తోలుకుని వెళ్ళాలని కూడా తెలుసండి.”

గొంతులు విని కృష్ణప్రసాద్ వచ్చాడు. హైదరాబాదులో హోటల్ పని కాలేజీలో చదివొచ్చిన మనిషి. ఏ గొడవ వచ్చినా ముందు టై ముడి సవరించుకుంటాడు. ఇప్పుడూ సవరించుకున్నాడు. “సారీ సార్, ఇతనికి మనుషుల్ని గుర్తుపట్టడం రాదు. మీరు హాల్లోకి రండి, నేను చూసుకుంటాను.”

“సార్, ఆయన బండి...” అన్నాడు జగ్గారావు.

“నువ్వు నీ కౌంటరు చూసుకో జగ్గారావ్.”

కృష్ణప్రసాద్ ఆయన్ని హాల్లో మూల బల్ల దగ్గర కూర్చోబెట్టి, స్టోరు తాళం తీయించి, సీసా స్వయంగా తీసుకెళ్ళి మూత విప్పాడు. హాలు తలుపు దగ్గర నుంచి అదంతా చూసింది, ఆ బల్ల మీది గ్లాసు తర్వాత తోమింది భీమన్నే.

సోమరాజు గారు హోటల్ నుంచి కారులో గలాలీ సైటుకు బయల్దేరారు. వంతెన దాటి ముహర్రక్ దీవి అంతా బాగానే వెళ్ళారు. గలాలీలో కోల్డ్ స్టోర్ అనే ఒక కిరాణా కొట్టు ముందు మలుపు తిప్పలేకపోయారు. సత్యకుమారి అని రాజోలు మనిషి, దగ్గర్లోనే ఒక ఇంట్లో పనిచేస్తుంది, పాలు, రొట్టె కొనుక్కుని రోడ్డు దాటుతోంది. కారు ఆమెను కొట్టి గోడకు తగిలి ఆగింది. ప్రాణం దక్కింది. కుడి కాలు తొడ దగ్గర విరిగింది. సల్మానియా ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

సోమరాజు గారి దగ్గర వాసన చూసి ఎక్కడ తాగారని పోలీసులు అడిగారు. ఆయన మా హోటల్ పేరు చెప్పారు. ఎవరు పోశారంటే, “జగ్గారావు” అన్నారు. ఆయనకు గుర్తున్న పేరు అదొక్కటే.

మర్నాటి నుంచి క్యాంపులో ఇదే మాట. తోలినవాణ్ణి సరే, పోసినవాణ్ణి కూడా పట్టుకుంటారా? అక్కడి చట్టం ఏం చెబుతుందో మాలో ఎవరికీ తెలియదు. ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. “కత్తి అమ్మినోణ్ణి పట్టుకుంటారా ఎక్కడైనా?” అని ఒకడు. “తూలేవాడి చేతికి కత్తి ఇస్తే పట్టుకోరా?” అని ఇంకొకడు. జగ్గారావు మంచం మీద కూర్చుని విని విని చివరికి అన్నాడు. “తూలేవాడికి పోసినోడు స్టీరింగు మీద ఒక చెయ్యి వేసినట్టేరా. దానికి చట్టమేం చూడక్కర్లేదు. నేను పోసుంటే నన్ను పట్టుకోవాల్సిందే. తూలుతున్నాడని తెలిశాక నేను పొయ్యలేదు.”

ఆయనకు ఆ ధైర్యం భీమన్న ఉన్నాడని. గ్లాసు బోర్లించినప్పుడు పక్కనే ఉన్నది వాడే. పోలీసులు వాణ్ణి పిలిచి అడిగారు. కౌంటరు దగ్గర జరిగిందే అడిగారు, వాడు చూసింది చూసినట్టు చెప్పి వచ్చాడు. అయినా రెండు రోజులు తిరక్కుండా కృష్ణప్రసాద్ జగ్గారావును ఆఫీసు గదికి పిలిపించాడు.

“నీ మనిషే చెప్పాడు. సోమరాజు గారితో నువ్వు గ్లాసు ఖలాస్ చెయ్యమన్నావని. అంటే ఏంటి? మిగిలింది కూడా తాగెయ్యమని. అరబీలో అలాగే రాసుకున్నారు. ఇక నేనేం చెయ్యగలను?”

“తాగమనలేదండి, ఇక చాలన్నానండి,” అన్నాడు జగ్గారావు.

కృష్ణప్రసాద్ టై ముడి సవరించుకున్నాడు. “చూడు, నేను నీ మంచికే చెబుతున్నా. ఆ రోజు ఆయన తాగింది కౌంటరు దగ్గరే, పోసింది నువ్వే అని ఒప్పుకుని సంతకం పెట్టు. తెలియక పోశానను. యజమాని పెద్దాయనతో చెప్పి నిన్ను మెల్లగా ఇంటికి పంపించేస్తాం. గొడవ చల్లారాక వేరే వీసా మీద నేనే తెప్పిస్తా. కాదంటావా, హోటల్ నిన్ను వెనకేసుకు రాదు. లోపలేస్తే నీ ఖర్మ.”

“మరి హాల్లో సీసా సంగతి సార్?”

“ఏ సీసా?”

“పోసుంటే పోశానని రాసిస్తానండి. బోర్లించిన గ్లాసుకి సంతకం పెట్టలేనండి,” అని బయటికి వచ్చేశాడు. ఆ సాయంత్రం నుంచే కౌంటరు వెనకకు వెళ్ళొద్దన్నారు. ఉల్లిపాయలు కొయ్యడానికి వంటగదిలో పెట్టారు.

క్యాంపులో భీమన్నను కూర్చోబెట్టి అడిగాం. వాడికి ఏడుపు ఒక్కటే తక్కువ.

“నేను గట్లనలేనే! ఖలాస్ అన్నడనే చెప్పిన.”

“ఏ మాటల్లో చెప్పావురా?” అన్నాడు జగ్గారావు.

“గా పోలీసు ఉర్దూల అడిగిండు. నేను హిందీల చెప్పిన. జగ్గన్నా ఖలాస్ కరో బోలా, అన్న.”

“మధ్యలో కరో ఎందుకొచ్చిందిరా?”

“హిందీ గదనే! కరో లేకుంటే హిందీ ఎట్లయితది?”

వాడి హిందీ అంతా అంతే. సామాన్ ఉఠావ్ కరో, ప్లేట్ ధోనా కరో, భాయ్ జల్దీ ఆవ్ కరో. దేనికైనా చివర కరో తగిలిస్తే హిందీ అయిపోయిందని వాడి నమ్మకం. వంటగదిలో అందరికీ అలవాటై ఎవరూ దిద్దలేదు. స్టేషన్లో ఆ ఉర్దూ కానిస్టేబుల్ ‘ఖలాస్ కరో’ అంటే ‘అయిపోగొట్టు’ అనుకుని ఆఫీసరుకు అరబీలో అదే చెప్పాడు. ఇంకేముంది.

అన్ని రోజుల్లో మొదటిసారి జగ్గారావు నవ్వాడు. కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. “ఒరే భీమన్నా, నీ కరో నన్ను కరకర నమిలేసిందిరా.”

మా అందరిదీ ఒకటే మాట, రేపే వాణ్ణి తీసుకెళ్ళి దిద్దించు అని. జగ్గారావు ఒప్పుకోలేదు. “నేను వెంటబెట్టుకెళ్తే నేను నేర్పి తీసుకొచ్చినట్టుంటుంది. ఆళ్ళు మళ్ళీ అడక్క మానరు. అప్పుడు చూసింది చెప్తాడు.”

“మాట మార్చినవని నన్ను లోపలేస్తే?” అన్నాడు భీమన్న.

“అది నీ ఇష్టంరా. నీకు బలవంతం లేదు.”

ఆ వారంలో ఒక రోజు ఆయన సల్మానియా వెళ్ళాడు. నేనూ తోడు వెళ్ళాను. సత్యకుమారి ఉన్న వార్డు తలుపు దాకా వచ్చి ఆగిపోయాడు. లోపల మంచం మీద ఆమె కాలు పైకి కట్టి వేలాడదీసి ఉంది. “నేనే తాగించానని రాసుందయ్యా కాగితంలో. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?” అన్నాడు. పట్టుకెళ్ళిన పళ్ళు నర్సు చేతికిచ్చి వెనక్కి తిరిగాడు.

జగ్గారావు అన్నట్టే పోలీసు ఆఫీసరు మళ్ళీ అడగడానికి వచ్చాడు, ఈసారి హోటల్‌కే, చోటు చూడటానికి. బారు ఇంకా తెరవలేదు. నేను ఐసు మిషను విప్పుకుని కూర్చున్నాను, లేవమనలేదు కాబట్టి అక్కడే ఉండిపోయాను. ఆఫీసరు, ఆ ఉర్దూ కానిస్టేబుల్, హోటల్ యజమాని అయిన ముసలి అరబ్బు, కృష్ణప్రసాద్. జగ్గారావును ఉల్లిపాయల చేతులతోనే పిలిచారు, ఓ పక్కన నిలబెట్టారు. భీమన్నను ముందుకు రమ్మన్నారు.

“జగ్గారావు ఏమన్నాడు?” అని కానిస్టేబుల్ ఉర్దూలో అడిగాడు.

ఈసారి కరో పెట్టకూడదని వాడు రాత్రంతా అనుకుని వచ్చాడు. “జగ్గన్నా... ఖలాస్... బోలా కరో,” అన్నాడు.

కానిస్టేబుల్ బుర్ర గోక్కున్నాడు. కృష్ణప్రసాద్ చిన్నగా నవ్వి, “అదే మాట సార్, ముందు చెప్పిందే,” అన్నాడు. జగ్గారావు పెదవి బిగించి నేలకేసి చూస్తున్నాడు. ఆయన అప్పుడు ఒక్క మాట అందించి ఉండొచ్చు. అందించలేదు.

ఆఫీసరు విసుగ్గా చెయ్యి ఊపాడు. “మాటలొద్దు. ఎవరెక్కడున్నారు, గ్లాసు ఎక్కడుంది, చేసి చూపించమను.”

అది తర్జుమా అవగానే భీమన్న మొహం మారింది. మాట్లాడక్కర్లేదు! వాడు కానిస్టేబుల్‌ను భుజం పట్టుకుని సోమరాజు గారి స్టూలు మీద కూర్చోబెట్టాడు. పల్లీల గిన్నె తెచ్చి ముందు పెట్టాడు. గ్లాసులో నీళ్ళు పోసి పెట్టాడు. కౌంటరు వెనకకు వెళ్ళబోతూ ఆగి, చేతులు కడుక్కుని, తుడుచుకుని అప్పుడు వెళ్ళాడు. జగ్గారావు చేతులు కడుక్కోకుండా ఆ వెనకకు ఎవర్నీ రానివ్వడు మరి.

కానిస్టేబుల్ చెయ్యి పట్టుకుని గిన్నెలో పెట్టి, పల్లీ దొరకనట్టు అటూ ఇటూ తిప్పి, ఒట్టి వేళ్ళు తీసుకెళ్ళి ఆయన నోట్లోనే పెట్టాడు. యజమానికి నవ్వొచ్చింది. భీమన్న నవ్వలేదు. గ్లాసు లాక్కున్నాడు. సింకులో పారబోశాడు. తడిగుడ్డ పరిచి బోర్లించాడు. సోడా సీసా విప్పి, ఉప్పేసి, నిమ్మకాయ పిండి జరిపాడు. అరచెయ్యి కౌంటరు మీద పెట్టి, అచ్చం జగ్గారావు గొంతుతో, “ఖలాస్,” అన్నాడు.

ఆఫీసరు ముందుకు వంగి బోర్లించిన గ్లాసును వేలితో తట్టాడు. “ఖలాస్?” అని అడిగాడు. “ఖలాస్,” అన్నాడు భీమన్న. ఆఫీసరు కానిస్టేబుల్ వైపు తిరిగి అరబీలో ఏదో గట్టిగా అన్నాడు. తర్వాత ఆ కానిస్టేబులే మాకు చెప్పాడు. ‘ఖలాస్’ అంటే అయిపోయింది, ఇక చాలు. ‘ఖల్లిస్’ అంటే అయిపోగొట్టు. నువ్వు రాయించింది రెండోది, ఇతను చూపిస్తున్నది మొదటిది, అని ఆఫీసరు అన్నాడట.

“తర్వాత?” అన్నాడు ఆఫీసరు.

భీమన్న ఆగాడు. వాడి కళ్ళు కృష్ణప్రసాద్ మీదికి వెళ్ళాయి. వాడికి ఊళ్ళో ముగ్గురు పిల్లలు, వాడి వీసా మీద సంతకం పెట్టేది ఆ మనిషే. ఇంతటితో చూపించాల్సింది చూపించేశానని చెప్పి తప్పుకున్నా జగ్గారావు తప్పుపట్టేవాడు కాదు. భీమన్న కౌంటరు వెనక నుంచి బయటికి వచ్చాడు. కానిస్టేబుల్‌ను లేవదీసి, వంగి వంగి దారి చూపిస్తూ హాల్లోకి తీసుకెళ్ళి మూల బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. తన మెడ దగ్గర లేని టై ముడి సవరించుకున్నాడు. చేతిలో లేని సీసా మూత తిప్పి, లేని గ్లాసులో పోశాడు. గ్లాసు నిండాక ఇంకాస్త పోశాడు.

ఎవరూ కృష్ణప్రసాద్ పేరు చెప్పలేదు. అప్పటికే అతని చెయ్యి తన టై మీద ఉంది. అందరూ చూస్తున్నారని తెలిసి దించేశాడు.

ఆఫీసరు స్టోరు తాళం ఎవరి దగ్గర ఉంటుందని యజమానిని అడిగాడు. తర్వాత వాళ్ళు లోపలి గదిలోకి వెళ్ళిపోయారు. భీమన్న జగ్గారావు దగ్గరికి వచ్చాడు. జగ్గారావు వాడి భుజం మీద చెయ్యి వేసి అన్నాడు. “సోడా గ్లాసుకి నిమ్మ చెక్క గుచ్చలేదురా.”

“నీయవ్వ... జైలుకు పోయేటోణ్ణి పట్టుకొచ్చిన, ఇంక చెక్కంటవా!” అన్నాడు భీమన్న. అన్నాక ఇద్దరూ నవ్వారు.

కాగితం దిద్దారు. సోమరాజు గారికి శిక్ష పడింది. కృష్ణప్రసాద్ కొన్నాళ్ళు స్టేషనుకు తిరిగాడు. చట్టంలో అతనికి ఏం చుట్టుకుందో మాకు తెలియలేదు గానీ యజమాని మాత్రం అతన్ని పనిలోంచి తీసేశాడు. సత్యకుమారి నడిచేదాకా వైద్యం, తిండి, అన్నీ హోటలే చూడాలని పెద్దాయనే ఒప్పుకున్నాడు. “నా ఇంట్లో పోశారు. నాది కాకుండా ఎలా పోతుంది?” అన్నాడట.

జగ్గారావును మళ్ళీ కౌంటరు వెనకకు వెళ్ళమన్నారు. ఆయన ముందు సల్మానియా వెళ్ళాడు, నేనూ తోడు. ఈసారి వార్డు లోపలికి వెళ్ళాడు. సత్యకుమారికి సంగతంతా అప్పటికే తెలిసిపోయింది.

“నువ్వేనా అన్నయ్యా, ఆ బారు ఆయన?” అంది. “కూర్చో. మా ఊళ్ళో సారా వేలంపాట ఆపించడానికి పగలల్లా ఎండలో కూర్చున్నదాన్ని నేను. అక్కడ ఆపించి, సముద్రం దాటొచ్చి, తాగినోడి కారు కింద పడ్డాను. చూశావా నా రాత.”

“నేను ఆయనకి ఆపేశానమ్మా,” అన్నాడు జగ్గారావు.

“ఆపేవంట. చెప్పారు. మంచి పనే చేశావు. మరి బండి తాళాలెందుకు తీసుకోలేదు?”

“నా పని కౌంటరు దాకానే అనుకున్నానమ్మా,” అన్నాడాయన.

“నా కాలు ఇరిగింది కౌంటరు దాటాకే కదా అన్నయ్యా.”

ఆమె కోపంగా అనలేదు. ఉన్నది అంది. బస్సులో తిరిగి వస్తుంటే జగ్గారావు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఆయన బాధపడుతున్నాడనుకుని నేను ఏదో ఓదార్పు మాట అనబోయాను. ఆయన నా మాట వినిపించుకోకుండా, “బారు తలుపు దగ్గర్నుంచి కార్లు పెట్టే చోటు ఎంత దూరం ఉంటుందంటావు?” అని అడిగాడు. అప్పుడర్థమైంది. కుళాయి కారుతోందని తెలిస్తే నేను ఎలా ఆలోచిస్తానో ఆయనా అలాగే ఆలోచిస్తున్నాడు.

యజమాని దగ్గరికి వెళ్ళి రెండు కోరికలు కోరాడు. తాను బోర్లించిన గ్లాసు బారులోనే కాదు, హోటల్లో ఎక్కడా ఎవరూ నింపకూడదు, మేనేజరైనా సరే. ఖలాస్ అన్నాక ఆ మనిషి టాక్సీ ఎక్కేదాకా తాను కౌంటరు వదిలి వెంట వెళ్ళడానికి అడ్డు చెప్పకూడదు. ఆ కాసేపూ కౌంటరు భీమన్న చూసుకుంటాడు.

“నా స్నేహితులు వస్తేనో?” అన్నాడు ముసలాయన.

“వాళ్ళకీ కాళ్ళుంటాయి కదండీ, ఎదురుగా రోడ్డు దాటేవాళ్ళకీ ఉంటాయి,” అన్నాడు జగ్గారావు వచ్చీరాని హిందీలో. ముసలాయన చేతిలో తస్బీ జపమాల తిప్పుతూ, “యల్లా, పో పనిలోకి,” అన్నాడు.

మొదట్లో జనం గొడవ చేశారు. కొందరు వేరే చోటికి పోయారు. కొందరు పోయి తిరిగొచ్చారు. హెడ్మాస్టరు అనడం మానేసి ట్రాఫిక్ పోలీసు అనడం మొదలుపెట్టారు. మనిషి లోపలికి రాగానే బండి మీద వచ్చారా అని అడిగేవాడు, ఖలాస్ అన్నాక తాళాలు తీసుకునేవాడు. టాక్సీ స్టాండులో హాజీ అని ఒక ముసలి డ్రైవరు ఉండేవాడు. జగ్గారావు బయటికి వచ్చి చెయ్యెత్తితే చాలు, ఇంజను మొదలుపెట్టేవాడు.

ఒక శుక్రవారం నేను మిద్దె మీద ఏసీ బిగిస్తున్నాను. కింద హారను ఆగకుండా మోగుతుంటే వంగి చూశాను. ఒక బ్యాంకు పెద్దమనిషి, మనవాడే, కారులో కూర్చుని హారను మీద చెయ్యి పెట్టాడు. తాళాలు ఇవ్వకుండా వచ్చి కారెక్కేసినట్టున్నాడు. కారు ముందు, బంపరుకు మోకాళ్ళు ఆనించి, జగ్గారావు నిలబడి ఉన్నాడు. నల్ల ఏప్రాన్, భుజం మీద గుడ్డ, నెత్తిన ఎండ. చేతులు కట్టుకోలేదు, తిట్టలేదు, నిలబడ్డాడంతే. పై కిటికీలోంచి కొత్త మేనేజరు చూస్తున్నాడు. కిందికి దిగలేదు.

“జరగవయ్యా! నీకు వేరే పని లేదా?” అని కారులోంచి కేక.

“ఇదేనండి పని.”

“నేనిలా ముందుకి పోనిస్తే ఏం చేస్తావ్?”

“పోనివ్వరండి మీరు. మీరు మంచోరు. తాగిందే కొంచెం ఎక్కువైంది.”

హారను ఆగింది. తర్వాత కారు తలుపు తెరుచుకుంది. పెద్దమనిషి దిగి, తూలి, తలుపు పట్టుకుని, “నీ అంత మొండోణ్ణి నేను చూళ్ళేదయ్యా,” అంటూ తాళాలు ఇచ్చాడు. జగ్గారావు ఆయన మోచెయ్యి పట్టుకుని హాజీ టాక్సీ దాకా నడిపించాడు. తల తగలకుండా పైన చెయ్యి అడ్డం పెట్టి ఎక్కించాడు. ఇల్లు ఎక్కడో హాజీకి చెప్పాడు, రేపు కాఫీకి వచ్చి బండి తీసుకెళ్ళమని ఆయనకి చెప్పాడు.

టాక్సీ వెళ్ళాక కారు దగ్గరికి తిరిగొచ్చాడు. అద్దాలు పైకెత్తాడు. లైట్లు ఆరి ఉన్నాయో లేదో ముందుకీ వెనక్కీ వెళ్ళి చూశాడు. తలుపులకు తాళం వేసి, ఒక్కొక్క తలుపూ లాగి చూసుకుని, భుజం మీది గుడ్డతో చేతులు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళాడు.